దెయ్యాల కొంపకి పదిహేడు కొర్రీలు

ఆ సోమవారం పొద్దున కొర్రీల సారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, పేపరు చదవాలి, తొమ్మిదిన్నరకి ఆఫీసు చేరాలి, మధ్యాహ్నం దాకా ఎవరికీ దేనికీ సరే అనకూడదు. చివరిది ఆయనకి కొత్తేమీ కాదు.

ఊళ్లో ఎవరు షాపు ముందు బోర్డు కట్టుకోవాలన్నా అనుమతి ఆయన సెక్షన్ నుంచే రావాలి. దరఖాస్తులో ఏదో ఒక లోటు పట్టుకుని, అంచున ఎర్రసిరాతో రాసి, వెనక్కి పంపడాన్ని ఆఫీసుల్లో కొర్రీ వేయడం అంటారు. ఇరవై రెండేళ్లుగా ఆయన బల్ల మీదికొచ్చిన ఏ కాగితమూ మొదటిసారికే గట్టెక్కిన పాపాన పోలేదు. ఎవరో పెళ్లిపిలుపుకి వస్తే, శుభలేఖ ఇటూ అటూ తిప్పి చూసి, "దారి పటం జతపరచలేదేం?" అన్నాడట. ఆ పెళ్లికి ఆయన వెళ్లలేదు, వాళ్లూ మళ్లీ పిలవలేదు.

"అమ్మాయి ఏదో అడుగుతోంది, కాస్త ఆ పేపరు దించండి," అంది భార్య.

పన్నెండేళ్ల కూతురు బడిసంచీ భుజాన వేసుకుని ఎదురుగా నిలబడి ఉంది. "నాన్నా, పార్కులో హాలోవీన్‌కి దెయ్యాల కొంప పెట్టారు. మామయ్య మనందరికీ టికెట్లు తీసేశాడు. నెలాఖరు ఆదివారం. నువ్వూ వస్తున్నావు కదా?"

సారు గొంతులో కాఫీ అడ్డం పడింది. దెయ్యాలు లేవని ఆయనకి తెలుసు. ఆ సంగతి దెయ్యాలకి తెలుసో లేదోనన్నదే ఆయన బాధ. చీకటన్నా, ముసుగన్నా, వెనకనుంచి ఎవరైనా భుజం మీద చెయ్యేసినా ఆయన పై ప్రాణాలు పైనే పోతాయి. కానీ ఈ ముక్క కూతురికి చెప్పడమెలా? దానికి మూడేళ్లప్పట్నుంచీ తను ఒంటిచేత్తో దొంగల్ని తరిమిన కథలు చెప్పి నిద్రపుచ్చాడు. లోకంలో ఆయన్ని చూసి నవ్వుతూ ఎదురొచ్చే మనిషి ఆ పిల్ల ఒక్కతే. దాని కళ్ల ముందు పిరికివాడినైపోతే ఇంక తన బతుకెందుకని ఆయనకి నిజంగానే దిగులు పుట్టింది.

"చూద్దాం," అన్నాడు.

"ఆఫీసులో చూద్దామంటే కాదన్నట్టే," అంది భార్య కూతురితో, ఏ దయా లేకుండా.

అంతలో బావమరిది ఫోను. వాడు మామూలుగా మాట్లాడినా పక్కింటివాళ్లు జవాబిస్తారు. "బావా! లోపల ముప్ఫై దెయ్యాలట! నీకు జంకుగా ఉంటే మొహమాటపడకు. నీ టికెట్ మీద మా కుక్కని తీసుకెళ్తా!"

"జంకా? నాకా?" అన్నాడు సారు, గొంతు కీచుమంటుంటే. "నియమాలవీ చూసుకోకుండా పిల్లని ఎక్కడికి పడితే అక్కడికి తీసుకెళ్తామా? నేను విచారించి చెప్తాను."

విచారించడమన్న మాట నోట్లోంచి వచ్చాక ఆయన ప్రాణం కుదుటపడింది. లోటు పట్టడంలో తనని మించినవాడు ఎవడు? పార్కువాళ్లకి మామూలు మనిషిలా ఓ ఉత్తరం రాయాలి. వాళ్లు ఏదో ఒకటి లేదని ఒప్పుకోకపోరు. ఆ జవాబు కూతురికి చూపించి, "చూశావా తల్లీ, నేనైతే సిద్ధమే, వాళ్లే సరిగ్గా లేరు," అంటే సరిపోతుంది.

ఆఫీసుకెళ్లి కూర్చుని నాలుగు ముక్కలు రాద్దామనుకున్నాడు. చెయ్యి ఊరుకుంటేనా! మూడో వాక్యానికల్లా పక్కన అంకెలు పడ్డాయి. దెయ్యానికీ సందర్శకుడికీ నడుమ ఉండవలసిన కనీస దూరం పేర్కొనలేదు. అరుపు ఏ స్థాయికి మించరాదో తెలుపలేదు. తల లేని దెయ్యానికి గుర్తింపు కార్డు మీద ఏ ఫొటో అంటించారో వివరణ లేదు. ఏర్పాట్లన్నీ వాస్తవ పరిస్థితుల్లో పరీక్షించి చూపవలెను. ఇలా పదిహేడు కొర్రీలయ్యాక, ఏడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలసినదని రాసి, కింద సంతకం గీకి, ఇరవై రెండేళ్ల అలవాటు కొద్దీ పక్కనున్న రబ్బరు ముద్ర ఎత్తి టపీమని కొట్టాడు.

ముద్ర పడిన కాగితాన్ని ఆఫీసులో ఎవరూ ఆపరు. డిస్పాచ్ గుమస్తా దానికో నంబరు వేసి, ఒక ప్రతి పార్కుకీ, పద్ధతి ప్రకారం ఇంకో ప్రతి పెద్దసారుకీ పంపించాడు. కొర్రీల సారు మధ్యాహ్నం తన ఉత్తరం కోసం వెతుక్కునే సరికి అది ఊరవతల ఉంది.

మర్నాడే పార్కు మేనేజరు ఫోను చేశాడు. ముద్ర చూసి గుండె జారినవాడు కింద బోర్డుల సెక్షన్ అని ఉన్నది చదువుతాడా?

"సార్, తప్పయిపోయింది సార్! శనివారం పొద్దున పదింటికి తమరే వచ్చి తనిఖీ చేసుకోండి."

"అబ్బే, తనిఖీ ఏమీ అక్కర్లేదు," అన్నాడు సారు కంగారుగా.

"అక్కర్లేదంటే... ఏకంగా మూసేయమంటారా సార్?"

"కాదయ్యా! హాయిగా నడుపుకోండి."

"అమ్మమ్మా! తనిఖీ లేకుండా నడిపితే రేపు పట్టుకుంటారు కదా సార్! అంత పని చేయకండి. పిల్లలు గలవాణ్ణి."

ఎంత వద్దంటే అంత బెదిరిపోతున్నాడు మనిషి. ఆ ఫోను పెట్టీ పెట్టకముందే పెద్దసారు గది నుంచి కబురొచ్చింది. పెద్దసారు తనకొచ్చిన ప్రతిని చేతిలో పట్టుకుని వెలిగిపోతున్నాడు.

"భేషయ్యా! మన సెక్షన్‌కి ఏ సంబంధమూ లేకపోయినా జనం మేలుకోరి ముందుకొచ్చావు. శనివారం వెళ్లి చూసిరా. సోమవారం నా బల్ల మీద రిపోర్టు ఉండాలి." ఒక్క క్షణం ఆగి కళ్లజోడు పైనుంచి చూశాడు. "జనం మేలు కోసమే కదా? సొంత ఉత్తరం మీద ఆఫీసు ముద్ర కొడితే ఏమవుతుందో నీకు వేరే చెప్పాలా?"

"జనం మేలు కోసమేనండీ," అన్నాడు సారు నీళ్లు నములుతూ.

ఇంటికొచ్చేసరికి వార్త పార్కు నుంచి బావమరిది ద్వారా ఆయనకంటే ముందే చేరింది. "మా నాన్న దెయ్యాల్ని తనిఖీ చేస్తాడని క్లాసు వాళ్లందరికీ ఫోన్లు చేసి చెప్పేశా!" అని కూతురు ఎగిరి గంతేసింది. "నేనూ వస్తా నాన్నా!" పిల్లల్ని రానివ్వరని సారు వాదించబోయాడు గానీ, పార్కుకి ఫోను చేసి అడిగింది భార్య. అమ్మాయిగారు రావడం మా అదృష్టమన్నాడు మేనేజరు. పైగా బావమరిది ఫోనులో, "బావా, నువ్వు ఇంత మొనగాడివని తెలీక కుక్కతో పోల్చాను, క్షమించు," అని అరిచాడు. ఆ నాలుగు రోజులూ సారుకి తిండి సయించలేదు.

శనివారం పది గంటలకి ఎర్రపెన్ను, ఫైలు, చేతి లైటు పట్టుకుని కొంప ముందు నిలబడ్డాడు. పక్కన కూతురు. ఎండ చక్కగా కాస్తోంది. తలుపు అవతల మాత్రం కటిక చీకటి.

"లైట్లన్నీ వేయించండి," అన్నాడు అధికారంగా.

"అదెలా సార్? వాస్తవ పరిస్థితుల్లో చూపాలని తమరే కదా రాశారు!" అని మేనేజరు వినయంగా కాగితం చూపించాడు. "ఆ చేతి లైటు కూడా ఇలా ఇప్పించండి."

కొర్రీల సారు జీవితంలో మొదటిసారి ఒక కొర్రీకి జవాబు లేక లోపలికి నడిచాడు. నాలుగు అడుగులు బాగానే వేశాడు. అయిదో అడుగులో ఎక్కడో గొలుసు ఈడ్చిన చప్పుడైంది. ఆరో అడుగులో చల్లని ఊపిరి మెడకి తగిలింది. "నాన్నా, భలే ఉంది కదూ!" అని కూతురు అంటుండగానే వెనకనుంచి ఓ ఎముకల చెయ్యి వచ్చి ఆయన భుజం మీద పడింది.

సారు పెట్టిన కేక స్థాయి ఆయన రాసిన హద్దులన్నీ దాటిపోయింది. ఫైలు ఒకవైపు, పెన్ను ఒకవైపు ఎగిరిపడ్డాయి. ఆయన నేల మీద కూలబడి, పన్నెండేళ్ల పిల్ల నడుము పట్టుకుని, దాని వెనక దాక్కుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"అయ్యో అయ్యో! కొర్రీల సారా!" అంది దెయ్యం.

లైటు వెలిగింది. జుట్టు విరబోసుకున్న దెయ్యం గబగబా ముసుగు లాగేసి రెండు చేతులూ జోడించింది. లోపల చెమటలు కారుతున్న నడివయసు ఆడమనిషి. "తెలీక మీద చెయ్యేశాను సార్! మనసులో పెట్టుకోకండి. ఆ కోపం నా ఫైలు మీద చూపించకండి సార్!"

"ఏ ఫైలు?" అన్నాడు సారు ఇంకా నేల మీదే ఉండి.

"బట్టలు కుట్టే షాపండీ. అక్షరాల ఎత్తు రాశాను. ఎక్కణ్ణుంచి కొలిచావో రాయలేదని పంపారు. అదీ రాశాను. ఏ టేపుతో కొలిచావన్నారు."

శవపేటిక మూత తెరుచుకుని ఇంకో దెయ్యం లేచింది. అదీ ముసుగు తీసి దండం పెట్టింది. "నాది కళ్లజోళ్ల షాపు సార్. బోర్డు మీద కళ్లజోడు బొమ్మ వేస్తే, ఆ కళ్లజోడు ఎవరిదో, వాళ్ల అంగీకారపత్రం ఏదని అడిగారు. అది ఎవరిదీ కాదు సార్, వట్టి బొమ్మ."

గోడల్లోంచి, మంచం కిందనుంచి ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. ఒక్కరూ గొంతు పెంచలేదు. అందరూ చేతులు కట్టుకునే ఉన్నారు. ముసుగులు తీసినా సారుకి ఒక్క మొహమూ గుర్తు రాలేదు.

"నేను మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదే," అన్నాడు నెమ్మదిగా.

"మేం చూశాం సార్. తమరు తలెత్తరు కదా. తమ నడినెత్తి ఎంత చీకట్లో అయినా గుర్తుపడతాం."

"ఎన్నాళ్లయింది?" అని అడిగింది కూతురు.

"నాకు పద్నాలుగు నెలలమ్మా. వాళ్లకి ఇంకా ఎక్కువే."

"మరి ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?"

"బోర్డు లేందే షాపు తెరవనివ్వరు కదమ్మా. ఇదిగో, దొరికినప్పుడు ఇలా దెయ్యాలుగా చేస్తున్నాం."

"మిగతా ఊళ్లలో దెయ్యాలు దొరక్క అల్లాడుతున్నారమ్మా," అన్నాడు మేనేజరు, సారుని మెప్పిద్దామని. "మాకు ఏనాడూ ఆ ఇబ్బంది లేదు. అంతా నాన్నగారి చలవే!"

బయట బెంచీ మీద కూర్చున్నాక కూతురు ఆయనకి కాస్త ఎడంగా జరిగింది. సారు సిగ్గుపడుతూ ప్యాంటుకంటిన దుమ్ము దులుపుకున్నాడు.

"అమ్మడూ," అన్నాడు. "అరిచాను కదా... నిజం చెప్పేస్తున్నా. నాకు చీకటన్నా, దెయ్యాలన్నా..."

"తెలుసు నాన్నా. రాత్రి బాత్రూంలో లైటు ఎందుకు ఆర్పనివ్వవో నాకు చిన్నప్పుడే తెలుసు. దానికేముంది? లోపల నీ చెయ్యి పట్టుకుందామనే రమ్మన్నాను."

సారు మొహం విప్పారింది. "మరి ఎందుకలా ఉన్నావు?"

"ఇంకోటి ఇప్పుడే తెలిసింది," అంది పిల్ల, తల తిప్పుకుని.

ఆ ఇంకోటి తన ఎర్రసిరా సంగతేనని సారుకి అర్థమైంది. మేనేజరు తెచ్చిచ్చిన అభిప్రాయాల కాగితంలో, మిమ్మల్ని అన్నిటికంటే భయపెట్టింది ఏది అన్న ప్రశ్న కింద కూతురు చెయ్యి అడ్డం పెట్టుకుని పేజీన్నర రాసింది. సారు తొంగిచూడబోయాడు. చూడనివ్వలేదు.

సోమవారం కొర్రీల సారు బీరువా ఖాళీ చేసి, ముప్ఫై ఒక్క ఫైళ్ల మీద వరసగా నీలిసిరాతో సంతకాలు పెట్టాడు. పెద్దసారు స్వయంగా వచ్చి నుదుటి మీద చెయ్యేసి చూశాడు, జ్వరమేమోనని. వారం తిరక్కుండా వీధుల్లో కొత్త బోర్డులు లేచాయి, షాపులు తెరుచుకున్నాయి. పార్కు మేనేజరు మాత్రం లబోదిబోమన్నాడు. ఒక్క దెయ్యమూ పనిలోకి రావడం లేదు! ఏం చేయాలో తోచక, సందర్శకుల అభిప్రాయాల కాగితాలు ముందేసుకుని చదవడం మొదలుపెట్టాడు.

నెలాఖరు ఆదివారం ఇంటిల్లిపాదీ వెళ్లేసరికి జనం పార్కు గోడ చుట్టూ బారులు తీరి ఉన్నారు. చీకటి గదులన్నీ తీసేసి ఒకే ఒక్క గది ఉంచారు. బావమరిది ఛాతీ విరుచుకుని ముందు దూరాడు. నాలుగు నిమిషాల్లో ఒళ్లంతా చెమటలతో బయటపడ్డాడు.

"లోపల దెయ్యమూ లేదు, ఏమీ లేదు బావా! ఒక బల్ల, ఒక మనిషి. వాడు తలెత్తడు! కాగితం రెండు ప్రతులు కావాలన్నాడు. రెండోది రాసిచ్చా. మూడు కావాలన్నాడు. మూడోదీ ఇస్తే, ఇది మూడోదని రుజువేదన్నాడు బావా!"

సారు కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్లాడు. లైట్లు దేదీప్యమానంగా వెలుగుతూనే ఉన్నాయి. అయినా రెండు నిమిషాలకి మించి ఉండలేకపోయాడు. బయటికొచ్చి గోడకి చేరగిలబడి, చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"నేను మరీ ఇంత ఘోరంగా ఉంటానా?" అన్నాడు కూతురితో.

"ఆయన కొంచెం నయం నాన్నా," అంది పిల్ల. "కూర్చోమన్నాడు."

మర్నాటి నుంచి బోర్డుల సెక్షన్‌లో బల్లకి ఇవతల ఒక కుర్చీ కనిపిస్తోంది. దాని మీద కూర్చోవడానికి మాత్రం ఇంతవరకూ ఎవరికీ ధైర్యం చాలలేదు.