రెండో తెర మీద మంచుగుట్ట

అట్ల కాదు వర్షా, కొట్టెయ్యి. "లాప్‌టాప్ పక్కన ఇంకో తెర పెట్టుకునుడు మంచిదే" అని మెత్తగ రాస్తే ఎవ్వలు చదువుతరు బిడ్డా? గిట్ల రాయి: ప్రతి ఇంటికి దేవుని అర్ర ఎట్లనో, ప్రతి లాప్‌టాప్‌కు రెండో తెర అట్ల ఉండాలె! లేకపోతే కేసు పెట్టాలె! రాసినవా? ఆ... నేను మెల్లగనే చెప్త, నువ్వు మెల్లగనే రాయి.

అయ్యా, చదివేటోళ్లారా! నేను మూడో తరగతి దాక చదివినోన్ని. అయినా ఈ రెండో తెర గురించి నాకు తెలిసినంత పట్నం ఇంజనీర్లకు గూడ తెల్వది. వాళ్లు దానితోని పని చేస్తరు. నేను దాని ముంగట కూసోని తలకాయ ఊపిన.

ఇంకో తెర తగిలిస్తే రెండు తీర్ల వాడొచ్చట, మా మనుమరాలు వర్ష చెప్పింది. ఒక తీరుల, లాప్‌టాప్‌ల ఏది కనబడితే రెండో తెరల గూడ అదే కనబడతది. ఇంకో తీరు ఎక్స్‌టెండ్. అంటే రెండు మడ్ల నడుమ గట్టు తీసేసి ఒక్కటే మడి చేసినట్టు. బాణం గుర్తు ఈ మడిల నడుసుకుంట నడుసుకుంట అంచు దాటి ఆ మడిలకు పోతది. భూమి పంచుకునే పాలోళ్ల లొల్లి లేదు, సర్వేయర్ లేడు! గట్ల కోసం మా ఊర్ల ఎన్ని తలకాయలు పగిలినయ్? గీ ముచ్చట ముందే తెలిస్తే ఎంత నెత్తురు మిగిలేది!

ఆరోగ్యానికి గూడ మంచిదే. మా మనుమడు రోహిత్ ఇంట్ల కూసోనే కొలువు చేస్తడు. ఎడమ తెర మీద మీటింగ్, కుడి తెర మీద క్రికెట్. పొద్దంత మెడ ఇటు, అటు. జీతమిచ్చి మరీ కసరత్తు చేపిస్తున్నరు!

దవాఖానకు పోయిన. డాక్టర్ సారు ముంగట రెండు తెరలు. ఒకదాంట్ల నా రక్తం, ఒకదాంట్ల నా ఎక్స్‌రే. ఇగ నన్నెందుకు చూసుడు? మనిషిని చూస్తే దయ పుడ్తది, దయ పుడ్తే టైం అయితది. లైన్ల నిలబడ్డోళ్లకు ఎంత ఫాయిదా!

గని అసలు మేలు జరిగింది నాకు. పెండ్లి కార్డు కాడ.

వర్ష వాళ్ల అక్క జ్యోత్స్న పెండ్లి. కార్డు ముచ్చట పెద్దమనిషే చూడాలె గద! తొర్రూరుల ఎల్లస్వామి అచ్చు దుకాణానికి పోయిన. లాప్‌టాప్ ఆయన దిక్కు. వచ్చినోళ్లకు చూపెట్టనీకి ఇటు దిక్కు పెద్ద తెర. పేర్లన్నీ నేను నోటితోని చెప్పిన, ఆయన టకటక కొట్టిండు. నడుమల కరెంటు పోయింది, వచ్చింది. వచ్చుడుతోనే ఆ తెర ఎక్స్‌టెండ్ అయి కూసున్నదట. కార్డేమో ఆయన దిక్కే ఉండిపోయింది. నా దిక్కు ఏం కనబడ్డదనుకున్నరు? తెల్లటి మంచుగుట్ట! కింద నీలం చెరువు! ఖాళీ తెర మీద ఉండే బొమ్మనట అది, నాకేం తెలుసు?

"పెద్దయ్యా, కార్డు కనబడుతున్నదా?" అన్నడు ఎల్లస్వామి, లాప్‌టాప్ వెనుక నుంచి.

"మస్తు కనబడుతున్నది" అన్న.

పెండ్లి కార్డు మీద గుట్టేంది? కొత్త ఫ్యాషన్ కావచ్చు అనుకున్న. అక్షరాలు సన్నగుండి నా కండ్లకు ఆనుతలేవు కావచ్చు అనుకున్న. వెనుక బెంచి మీద నలుగురు కూసున్నరు. వాళ్ల ముంగట "నాకు అక్షరమే కనబడుతలేదు" అని ఎట్లంట? ఓడిపోయినా సరే, సర్పంచ్‌కు పోటీ చేసినోన్ని!

"పేర్లన్నీ సరిగున్నయా? మంచిగ చూడుండ్రి, తర్వాత నన్ననొద్దు."

చిన్న బాణం ఒకటి ఎటునుంచో వచ్చి గుట్ట మీద రెండు చుట్లు తిరిగి పోయింది. అదే పేర్లు సరిచూసి పోయింది కావచ్చు అనుకున్న.

"అన్నీ సరిగున్నయ్. అచ్చెయ్యి" అన్న.

కార్డులొచ్చిన నాడే సగం పంచినం. అందరు పిల్ల పేరు చూసిండ్రు, ముహూర్తం చూసిండ్రు, పక్కన పెట్టిండ్రు. కింది దాక చదివింది ఒక్కతే, చిల్పూర్ల నా చెల్లె నీలి.

"అన్నా, గీ తుల్సీబాయి ఎవ్వలే?" అని ఫోన్ చేసింది.

"ఏ తుల్సీబాయి?"

"ఇంటి ఆడబిడ్డ అని నా పేరుండే జాగల ఉన్నది గద! మన నాయినకు ఇంకో ఇల్లుండెనా అని ఊరంత అడుగుతున్నది. ఆమెతోనే ఎత్తిచ్చుకో ఐరేని కుండలు!"

పెట్టేసింది. మళ్ల ఎత్తలే.

ఎల్లస్వామి కేసముద్రం దిక్కోళ్లకు చేసిన పాత కార్డు మీదనే మా పేర్లు ఎక్కిచ్చిండట. ఆ ఒక్క పేరు మార్సుడు మర్సిండు. తుల్సీబాయి ఎవ్వలో మహాతల్లి, చల్లగుండాలె!

తెలువనోళ్లకు చెప్తున్న. రంగులేసిన ఐరేని కుండలు కుమ్మరింటి నుంచి ఆడబిడ్డ నెత్తిన పెట్టుకొని వస్తేనే మా ఇంట్ల పెండ్లి మొదలయితది. నా కొడుకుల పెండ్లిళ్లకు నీలే మోసింది. నాకు ఆడపిల్లలు లేరు, మా ఇంటికి ఆడబిడ్డ అంటే ఆమె ఒక్కతే. పెండ్లి ఇంక తొమ్మిది రోజులున్నది. కుండలు కుమ్మరింట్లనే ఉన్నయ్.

అయినా రెండో తెర వరమే అంటున్న! నాకు ఇంకో చెల్లెను ఇచ్చింది. ఎక్స్‌టెండ్ అంటే అదే గద! ఉన్న చెల్లె అంచు దాటి అవుతలికి పోయింది, అది వేరే ముచ్చట.

వర్షా, ఇది గూడ రాయి. దాయకు. తెరది ఏం తప్పు? దాని మీద గుట్ట ఉన్నది, గుట్టనే చూపెట్టింది. ఎల్లస్వామి మూడడుగులేసి ఇటు దిక్కు వచ్చి చూసినా సరిపోతుండె. నేను "కనబడుతలేదు నాయినా" అని ఒక్క మాటన్నా సరిపోతుండె. ఆయన లేవలే, నేననలే. ఇప్పుడు ఏ బల్ల కాడికి పోయినా గిదే నడుస్తున్నది. అవుతలోళ్లు కూసున్న కాన్నుంచే "కనబడుతున్నదా" అంటరు, ఇవుతలోళ్లం గుట్టను చూసి తలకాయ ఊపుతం.

చాలు బిడ్డా. దీన్ని నీలవ్వకు చదివి వినిపియ్యి. ఫోన్‌ల వద్దు. ఫోన్‌లనైతే "వినబడుతున్నదా అవ్వా" అని అడుగుతవ్. వినబడకపోయినా "మస్తు వినబడుతున్నది" అంటది. నా చెల్లె గద! రేపు బస్సెక్కి చిల్పూర్ పో. ఎదురుంగ కూసోని, మొకం చూసుకుంట చదువు. తుల్సీబాయి పేరు కాడ జర ఆగు. నీలవ్వ నవ్వితే, అప్పుడడుగు, కుమ్మరింటికి ఎన్నింటికి పోదామని.