పున్నమి టాకీస్ ఖాళీ చేయించిన రోజు

ఆ బుధవారం ఉదయం పున్నమి టాకీస్ మేనేజరు కృపాజ్యోతి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదకొండింటి ఆట మొదలైన అరగంటకి మాక్ డ్రిల్లు చూడ్డానికి అగ్నిమాపక అధికారి వస్తారు. మైకులో ప్రకటన వినగానే ప్రేక్షకులు లేచి, పక్క సందులోకి తెరుచుకునే అత్యవసర ద్వారం గుండా వరసగా బయటికి నడుస్తారు. అధికారి గడియారం చూసుకుంటారు, కాగితం మీద సంతకం పెడతారు. నెలాఖరుకి ముగిసిపోతున్న హాలు లైసెన్సు మళ్లీ ఊపిరి పోసుకుంటుంది. లేదంటే హాలుకి మూత, పద్నాలుగు మంది సిబ్బంది ఇంటికి.

అనకాపల్లి మొత్తంలో సినిమా హాళ్ల రూల్సు పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివిన మనిషి తనొక్కతేనని ఆవిడ నమ్మకం. అందుకే ఆవిడకి ఎప్పుడూ ఒళ్లు మండుతూ ఉండేది. ఆట నడుస్తుండగా అత్యవసర ద్వారానికి తాళం వెయ్యకూడదని పుస్తకంలో ఉంది. టిక్కెట్టు లేకుండా జనం దూరిపోతారని ఓనరు కృష్ణబాబు దానికి అరచెయ్యంత తాళం వేయించాడు. ఆరేళ్లుగా ఆవిడ చెబుతూనే ఉంది, ఆయన వింటూనే ఉన్నాడు. ఇవాళ మాత్రం ఆయన్ని అడక్కుండా ఆవిడే తాళం తీసి తన బల్ల మీద పడేసింది.

తలుపు తోసి చూస్తే గడపకి అడ్డంగా చేపల తట్టలు. పూడిమడక నుంచి రోజూ వచ్చే దుర్గాలక్ష్మికి ఆ గడపే కొట్టు.

"ఆ తట్టలు పక్కకి జరుపు దుర్గాలక్ష్మీ. కాసేపట్లో లోపలున్నవాళ్లంతా ఇటే వస్తారు."

"ఏటమ్మా, బొమ్మ అంత బాగోలేదేటి?"

"బొమ్మ సంగతి నీకెందుకు? రూల్సు!"

"సరేలెండి. మా ఆయన సంటిబాబు ఐసు తెత్తానని ఎల్లి, లోపల కూకున్నాడు. కనపడితే పంపీండి," అంటూ ఆమె తట్టల్ని రెండడుగులు ఈడ్చింది.

పదకొండున్నరకి అధికారి ఫోను చేశారు. జీపు ట్రాఫిక్‌లో ఇరుక్కుందనీ, మొదలుపెట్టేయమనీ చెప్పారు. కృపాజ్యోతి ముందు రోజే రాసుంచిన కాగితాన్ని ఆపరేటరు అప్పలరాజు చేతిలో పెట్టింది. అతను గొంతు సవరించుకున్నాడు. "ప్రేక్షక మహాశయులకు విజ్ఞప్తి. అగ్నిప్రమాద సన్న... సన్నద్ద..." అక్కడ నాలుక మడత పడింది. కాగితం పక్కన పెట్టి సొంతంగా అందుకున్నాడు. "ఏటంటే, హాల్లో నిప్పంటుకుందనుకోండి. అందరూ లెగండి!"

పాత మైకు. 'అనుకోండి' అన్నది బరబరలో కలిసిపోయింది. నిప్పు అంటుకోవడం మాత్రం సందు చివరిదాకా వినిపించింది.

హాల్లో నలభై మంది ఉన్నారు. ఒక్కరూ లేవలేదు. బయట మే నెల ఎండ, లోపల ఏసీ, తెర మీద ఫైటు. కృపాజ్యోతి ముందు వరస దగ్గరికి పరుగెత్తింది. అక్కడ కశింకోట నుంచి వచ్చిన కొర్లయ్య ఎదుటి కమ్మీ మీద పెట్టిన కాళ్లు కూడా దించలేదు.

"నిప్పంటుకుందంటే కదలరేంటండీ?"

"ఫైటవ్వనీ మేడమ్. నిప్పు ఈ వరసకొచ్చేక సెప్పండి, లెగుత్తాను."

"ప్రాణం కంటే ఫైటు ఎక్కువా?"

"టిక్కెట్టు కొన్నాను కదేటి!"

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. బొమ్మ ఆపించి లైట్లు వేయించింది. ఈలలు, కేకలు, కుర్చీల మీద దరువులు. తెరిచి ఉన్న తలుపులోంచి ఆ గోలంతా సందులో పడింది.

"ఓలమ్మో! హాలంటుకుంది! మా ఆయన లోపలుండిపోయేడు!" దుర్గాలక్ష్మి కేకతో ఆటోవాళ్లు, టీ కొట్టు దగ్గరివాళ్లు, బెల్లం దిమ్మలు మోసే కళాసీలు పరుగెత్తుకొచ్చారు. ఒకతను ఫైరింజనుకి ఫోను కొట్టాడు. ఇంకొకతను చేపలు కడిగిన నీళ్ల బకెట్టు ఎత్తుకుని అత్యవసర ద్వారంలోంచి దూకి, ముందు కనిపించిన మనిషి మీద కుమ్మరించాడు. కొర్లయ్య ముఖం తుడుచుకుని వాసన చూసుకున్నాడు. "వంజరమేటి?" అన్నాడు. అయినా లేవలేదు.

తొక్కిసలాట అవుతుందని అప్పలరాజు భయపడి, లైట్లు ఆర్పి మళ్లీ బొమ్మ వేసేశాడు. కొంప మునిగింది అక్కడే. బకెట్టు వెనకే ఎండలోంచి దూసుకొచ్చినవాళ్లకి ఏసీ గాలి తగిలింది.

"నిప్పేది బావా?"

"ఉండెహె, ఫైటవుతంది. కూకో."

వెళ్లినవాళ్లు తిరిగి రాకపోయేసరికి వాళ్లని కాపాడ్డానికి ఇంకో జట్టు లోపలికెళ్లింది. ఆ జట్టూ రాలేదు. మూడోది వెళ్లింది. రెండొందల సీట్లూ నిండి, జనం నడవాల్లో చతికిలబడ్డారు. దుర్గాలక్ష్మి నాలుగో వరసలో మొగుణ్ణి పట్టుకుని, "ఐసేదయ్యా?" అని ఒక్కటి వేసి, పక్క సీట్లోనే కూర్చుంది.

"దారిలో కూర్చోకూడదు! లేవండి! రూలు!" అని కృపాజ్యోతి గొంతు చించుకుంది.

"కొంచెం పక్కకి జరగండి మేడమ్, కనపడ్డం లేదు," అన్నారు ఎవరో.

ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడే సైరను మోగింది. అధికారి చేపల తట్టలు దాటుకుంటూ అత్యవసర ద్వారంలోంచే వచ్చారు. ఆయన వెనకే కృష్ణబాబు. "ఆ తలుపు తాళం ఎవులు తీసేరు? ఎప్పుడూ ఏసుండేదే!"

అధికారి ఆగారు. "ఎప్పుడూ వేసుంటుందా?"

కృష్ణబాబు నాలిక్కరుచుకున్నాడు. "జ్యోతమ్మా, అలాటిదేం లేదని సార్‌కి సెప్పు."

తలూపితే సరిపోయేది. పద్నాలుగు ఉద్యోగాల్లో ఒకటి తనది కూడా. కానీ ఆరేళ్ల కోపం ముందుకు తోసింది. "ఆరేళ్లుగా వేసుంది సార్. నిజంగా నిప్పంటుకుని ఉంటే ఆ తలుపు దగ్గర శవాలు లెక్కపెట్టేవారు. రాసుకోండి!"

అధికారి చాలాసేపు రాసుకున్నారు. తాళం తెప్పించి తన సంచీలో వేసుకున్నారు. ఆఫీసు గదిలో కూర్చుని సీసీ కెమెరా రికార్డింగు వెనక్కి తిప్పి చూశారు. "నాలుగు నిమిషాల్లో రెండొందల మంది లోపలికొచ్చిన తలుపమ్మా ఇది. నలభై మంది బయటికి పోవడానికి ఇంకేం కావాలి? ఇక తాళం పడకపోతే లైసెన్సుకి అడ్డు లేదు," అన్నారు.

కృష్ణబాబు హమ్మయ్యనుకుని కుర్చీలో కూలబడ్డాడు. పుస్తకం గెలిచిన మొదటి రోజని కృపాజ్యోతి కళ్లు తుడుచుకుంటుంటే, అధికారి ఇంకో కాగితం ఆవిడ ముందుకి తోశారు. "ఇది నోటీసు. సీట్లకి మించి జనాన్ని ఎక్కించి, నడవాలు మూసినందుకు. సంతకం పెట్టండి."

"నేనా? పొండి పొండని మొత్తుకున్నది నేనే కదండీ!"

"ఆట జరుగుతుండగా బాధ్యత మేనేజరుదే మేడమ్. పుస్తకంలో ఉంది."

ఉంది. ఎన్నో పేజీయో కూడా ఆవిడకి తెలుసు. కాగితం చిరిగేలా సంతకం గీకింది.

ఆ బొమ్మ ఇంకో రెండు రోజులాడి వెళ్లిపోయింది. దానికి అనకాపల్లిలో పడిన ఒకే ఒక్క హౌస్‌ఫుల్ అదే.