హాజరైన స్వర్గీయులు

భయం అనే సరుకు ఈ ఊళ్లో తయారయ్యేది ఒకే ఒక్క చోట, నా బల్ల మీద. నలభై ఏళ్లుగా దెయ్యాల కథలు రాసి జనాన్ని జడిపిస్తున్నాను. నేను మాత్రం పుట్టి బుద్ధెరిగాక దేనికీ జడిసిన పాపాన పోలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. చివరికొచ్చేసరికి నేను మరిచిపోవచ్చు.

ఆ బల్ల మా రచయితల సంఘం భవనంలో, కిటికీ పక్కన ఉంటుంది. ఇంట్లో రాద్దామంటే మా ఆవిడా, మా మరదలూ చెరో కుట్టుమిషను వేసుకుని పొద్దస్తమానం టకటకలాడిస్తుంటారు. ఆ చప్పుడుకి ఏ దెయ్యమూ గడప తొక్కదు. తొక్కినా చొక్కాకి కొలతలిచ్చి పోవాల్సిందే. ఆ బల్ల పోయిందా, నా రాత పోయినట్టే.

ఒకనాడు సంఘం గోడ మీద నోటీసు వెలిసింది. "బల్లల పునఃకేటాయింపు. ప్రతి రచయితయు తన రచన పాఠకునిపై పనిచేయుచున్నట్లు రుజువు చూపవలెను. హాస్య రచయిత నవ్విన ముగ్గురిని, విషాద రచయిత ఏడ్చిన ముగ్గురిని, భయానక రచయిత జడిసిన ముగ్గురిని సమర్పించవలెను. సదరు ముగ్గురును కార్యవర్గ సభ్యులై ఉండవలెను."

విషాద రచయితకి ఇబ్బంది లేకపోయింది. బల్ల పోతుందేమోనని ఆయన ఏడ్చిన ఏడుపు చూసి కార్యవర్గమూ ఏడ్చింది. చిక్కల్లా నాకే. కార్యవర్గమంటే అధ్యక్షుడు, కార్యదర్శి, విమర్శకుడు. ముగ్గురూ ధైర్యవంతులు. బల్లి మీద పడితే కుర్చీ ఎక్కుతారు గాని, జడిశామని కాయితం మీద సంతకం పెట్టమంటే చస్తే పెట్టరు. పైగా నా బల్ల మీద అధ్యక్షుడి బావమరిది కన్ను పడింది. ఆయన విజయసూత్రాలు రాస్తుంటాడు. కూర్చుని రాసుకునే చోటొక్కటే ఆ సూత్రాలకి ఇంకా చిక్కలేదు.

కేటాయింపు ఫారం తెచ్చుకుని ఇంట్లో కూర్చున్నాను. "ప్రస్తుత రచనలు" అన్న గడిలో అయిదు నవలలు అని వేశాను.

"అయిదెక్కడివండీ?" అంది మా ఆవిడ దారం కొరుకుతూ. "ఉన్నది ఒక్కటేగా. అందులో దెయ్యం రెండేళ్ల నించీ మెట్ల మీదే నిలబడి ఉంది. పాపం, దాని కాళ్లెంత పీకుతున్నాయో."

"దెయ్యాలకి కాళ్లు పీకవే."

"మీకెలా తెలుసు? చీకటి పడితే పెరట్లోకి నన్ను తోడు పిలిచే మనిషి."

వినపడనట్టు "రచనా అలవాట్లు" గడికి పోయాను. "శ్మశాన నిశ్శబ్దంలో, ఏకాంతంగా" అని రాశాను. నిజానికి నేను రాసేది పొద్దున తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య, వీధి తలుపు బార్లా తీసి, వీపు గోడకి ఆనించుకుని. వెనక నించి ఎవరో వస్తారని కాదు. గోడ చల్లగా ఉంటుంది.

మిగిలింది "ఇటీవల చదివినవి". ఏమీ లేవు. సంఘం గ్రంథాలయానికి పోయాను. బీరువా తాళంచెవి పోయి ఆరేళ్లయింది.

"చదవడానికేదన్నా ఇవ్వవోయ్" అన్నాను కార్యదర్శితో.

"సభల మినిట్స్ పుస్తకం ఉంది బాబాయ్. బీరువా బయట ఉన్నది ఇదొక్కటే" అంటూ తలెత్తకుండా తోశాడు. అదెవరూ చదవరని అతని ధీమా.

కిటికీ దగ్గర విప్పాను. మూడో పేజీ మళ్లీ మొదటినించీ చదివాను. పదకొండు మంది హాజరైతే తప్ప మా సంఘంలో తీర్మానం చెల్లదు. వచ్చేదేమో ఆ ముగ్గురే. అయినా తీర్మానాలు నడుస్తూనే ఉన్నాయి. ఎలాగంటారా? మేమంతా కళ్లనీళ్లతో కాటికి సాగనంపిన ఉపాధ్యక్షుడు, ఈ పుస్తకం ప్రకారం, పోయిన నెల సభకి వచ్చాడు. టీ తాగాడు. పాత కోశాధికారి పోయి నాలుగేళ్లు. ఆయనా వచ్చి, "కిటికీ పక్క బల్లను అధ్యక్షులవారి బావమరిదికి కేటాయించవలెను" అని ప్రతిపాదించాడు. నోటీసు గోడకెక్కక ముందే.

దాన్ని బలపరిచినవాడు? నేను. కింద నా సంతకం, నేను పెట్టే దానికన్నా అందంగా ఉంది. ఆ రోజు నేను మా అక్కయ్య ఇంట్లో నీళ్ల పంపు బాగుచేయిస్తున్నాను.

ఒళ్లు జలదరించింది. చచ్చినవాళ్ల బంతిలో నాకూ విస్తరేశారన్నమాట. పుస్తకం ఇంటికి పట్టుకుపోయి, సంగతంతా చెప్పి, నేను బతికే ఉన్నానా అని మా ఆవిణ్ని అడిగి రూఢి చేసుకున్నాను.

"ఉన్నారు గాని, ఇక వేరే కథ దేనికండీ? ఇదే సాఫుగా రాసివ్వండి" అంది.

రాశాను. పోయినవాళ్ల పేర్ల పక్కన పోయిన తేదీ వేశాను. అంతకు మించి ఒక్క అక్షరం కల్పించలేదు. మా ఆవిడ దారంతో కట్ట కట్టి ముడేసింది. తీసుకెళ్లి కార్యదర్శికిచ్చాను.

పదిహేను రోజులకి పిలిచారు. కట్ట ఎదురుగా ఉంది. మా ఆవిడ వేసిన ముడి వేసినట్టే ఉంది.

"మూడుసార్లు చదివానయ్యా" అన్నాడు అధ్యక్షుడు. "నిజం చెప్పొద్దూ, నా తల మీద వెంట్రుక కదల్లేదు." కదలడానికి అక్కడ ఒకటన్నా ఉండాలిగా.

"నాకైతే నిద్రొచ్చింది బాబాయ్" అన్నాడు కార్యదర్శి.

"దెయ్యాల్లో సహజత్వం లోపించింది" అన్నాడు విమర్శకుడు. "మన మధ్య తిరిగే మనుషుల్లా లేవు."

"బల్ల ఖాళీ చెయ్యక తప్పదు మరి" అన్నాడు అధ్యక్షుడు.

"అలాగేనండి. ఒక్క పేజీ చదివి పోతాను. ఆఖరి కోరిక అనుకోండి."

ముడి విప్పి చదివాను. ఉపాధ్యక్షుడు టీ తాగే చోట కార్యదర్శి కాలూపడం ఆపాడు. కోశాధికారి ప్రతిపాదించే చోట విమర్శకుడు కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకోవడం మరిచాడు. గొడుగులు బాగుచేస్తూ పద్యాలు చెప్పే స్వర్గీయ గొడుగుల కవి వందన సమర్పణ చేశాడనేసరికి అధ్యక్షుడి చేతిలో గ్లాసు టకటకలాడింది, అచ్చం మా ఇంటి మిషనులా.

"దీనికి... ఇంకేమన్నా కాపీలున్నాయా?" అన్నాడు.

"అయిదున్నాయి. ప్రస్తుత రచనలు అయిదని ఫారంలో రాశానుగా."

"పై రచన చదివి మిక్కిలి జడిసితినని ధ్రువీకరించడమైనది." ముగ్గురూ సంతకాలు పెట్టారు. ఎవరి సంతకం వాళ్లే పెట్టారు. సంఘం చరిత్రలో అదే మొదలు.

బల్ల నాకు దక్కింది. గుమ్మం దాకా వచ్చి అధ్యక్షుడు నా భుజం మీద చెయ్యేశాడు.

"గొడుగుల కవి పోయాడన్నమాట, పాపం. మొన్న సభలో నా పక్కనే కూర్చున్నాడయ్యా. నా నల్ల గొడుగు ఆయన చేతి పనే."

వచ్చే ఆదివారం సంస్మరణ సభ. ముగ్గురూ ఆయనతో తమ అనుబంధం చెప్పుకుంటారు. విమర్శకుడు ఆయన పద్యాల మీద ఇరవై పేజీల వ్యాసం సిద్ధం చేశాడు. దగ్గరివాణ్ని గనక నన్ను అధ్యక్షత వహించమన్నారు.

ఒక్క అక్షరం కల్పించలేదన్నాను కదూ. ఉపాధ్యక్షుడు నిజం, కోశాధికారి నిజం, నా దొంగ సంతకం నిజం. గొడుగుల కవి మాత్రం ఏ తల్లీ కనని బిడ్డ. పేజీ అడుగున రెండు వరసలు ఖాళీగా ఉంటే నేనే కూర్చోబెట్టాను.

అయినా ఆదివారం తలుచుకుంటే గుండె పీచుపీచుమంటోంది. హాజరు పట్టీలో ఆయన సంతకం ఉంటుందేమోనని.