మాన్య చోదకులకు విజ్ఞప్తి

స్టీరింగు పుట్టిన నాటి నుంచి ఏ చక్రవర్తికీ, ఏ సంఘసంస్కర్తకీ చేతకాని పని ఒకటి ఆ ఉదయం ఏడుంపావుకి హైవే మీద జరిగిపోయింది. బండి నడుపుతున్న ఒక భర్త, వేగం తగ్గించమని ఒక ఆడగొంతు అనగానే మారుమాట్లాడకుండా తగ్గించాడు.

ఆ భర్త నీటిపారుదల శాఖలో ఇంజనీరు. గొంతు మాత్రం ఆయన భార్యది కాదు. (భార్య పక్క సీట్లోనే ఉంది. హైస్కూల్లో లెక్కల టీచరు. అదే మాట అరనిమిషం ముందు ఆవిడా అంది. "నాకు తెలుసులే" అని జవాబొచ్చింది.) గొంతు కారుది.

కారు కొత్తది, ఖరీదైనది. ఎంత ఎత్తంటే, టీచరు అత్తగారిని ఎక్కించడానికి పీట వెయ్యాల్సి వచ్చింది. గీతల మధ్య తనంతట తనే నడుస్తుంది. ముందు లారీ ఆగితే ఆగుతుంది, కదిలితే కదులుతుంది. నడిపేవాడు చేతులు స్టీరింగు మీదా కళ్లు రోడ్డు మీదా ఉంచితే చాలు. అంటే పనంతా కారుది, పని చేస్తున్నట్టు కనబడే బాధ్యత మనిషిది. (ఇంజనీరుగారికి ఈ పద్ధతి ఆఫీసులో ఇరవయ్యేళ్లుగా అలవాటే.)

వెనక సీట్లో ఉన్న అత్తగారికి రెండు కళ్లలోనూ శుక్లాలు. సూది బెజ్జం, ఫోన్లో అంకెలు, కోడలి మొహంలో కోపం, ఆర్నెల్లుగా ఏవీ కనబడడం లేదు. ఇవాళ ఆపరేషను. పదకొండు లోపు ఆస్పత్రిలో పేరు రాయించుకోవాలి. దాటితే మళ్లీ తేదీ నాలుగు నెలల తరవాతే. దూరం నూట ఎనభై కిలోమీటర్లు. రెండున్నర గంటల్లో చేరిపోవచ్చని టీచరు లెక్క కట్టింది. ఆ లెక్కలో భర్త కళ్లని కలపడం మర్చిపోయింది.

ఆయనవి పుట్టుకతోనే సన్నటి కళ్లు. స్టీరింగు వెనక ఉన్న కెమెరా వాటినే చూస్తూ కూర్చుంటుంది. చూసినంత సేపూ చూసి, ఎనిమిదింటికి కారు మళ్లీ నోరు విప్పింది.

"మాన్య చోదకులకు విజ్ఞప్తి. తమరి కళ్లు మూతపడుతున్నాయి. దయచేసి అరగంట విశ్రాంతి తీసుకోగలరు."

"ఎవర్రా ఆ పిల్ల? ఎంత మర్యాదగా మాట్లాడుతోంది!" అంది అత్తగారు.

"కారమ్మా."

"మన కారే?" అని ఆవిడ సీటుని ఆప్యాయంగా నిమిరింది.

"మీరు మెలకువగానే ఉన్నారు కదండీ, పోనివ్వండి" అంది టీచరు.

"పోనిస్తే శ్రద్ధాంకం పడిపోతుంది."

శ్రద్ధాంకం అంటే, కంపెనీవారి శ్రద్ధా విభాగం ప్రతి డ్రైవరుకీ వేసే మార్కు. ఇంజనీరుగారిది తొంభై ఒకటి. ఆఫీసులో ఆయన పైఅధికారిది తొంభై నాలుగు. (పైఅధికారికి కాస్త పెద్ద కళ్లు.) అందుకని బండి పక్కకి తీసి ఆపారు. సీటు దానంతటదే వెనక్కి వాలింది. స్పీకర్లలో సెలయేరు పారింది. అప్పటిదాకా నిద్రన్నది లేని మనిషి, అరగంటా గుర్రుపెట్టి నిద్రపోయారు.

లేచి బయల్దేరాక మార్కు తొంభై రెండుకి ఎక్కింది. ఆ సంతోషంలో చాలాసేపు చిన్నగా నవ్వుకుంటూ నడిపారు. నవ్వితే ఆయనకి కళ్లుండవు. తొమ్మిదింటికి రెండో విజ్ఞప్తి, రెండో సెలయేరు.

"ఈసారి నవ్వకండి. మీకు దణ్ణం పెడతాను" అంది టీచరు.

"నేనెందుకు నవ్వుతాను?" అని ఆయన కనుబొమలు నెత్తిమీదికి ఎక్కించి, దెయ్యాన్ని చూసినవాడిలా రోడ్డుకేసి చూస్తూ నడిపారు. పదింపావుకి, ఇంకో ముప్ఫై అయిదు కిలోమీటర్లుందనగా, వెనక నుంచి అత్తగారు మెల్లిగా అంది: "ఒరే, ఇవాళ కళ్లు బాగు చేయించేది నాకా, నీకా?"

టీచరు చేత్తో నోరు మూసుకుంది. ఇంజనీరుగారికి మూసుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"మాన్య చోదకులకు విజ్ఞప్తి. ఇది మూడో అపరాధం. రేపు సూర్యోదయం దాకా తమరికి సహాయం నిలిపివేయడమైనది."

తెర మీద దీపాలన్నీ ఆరిపోయాయి. ఆయన బండి పక్కకి లాగి ఫోను తీశారు. శ్రద్ధా విభాగం, కనురెప్పల ఉపశాఖ, సహాయ పర్యవేక్షకుడు దొరికాడు.

"నేను నిద్రపోలేదండీ. నా కళ్లే అంత."

"తప్పకుండా సార్. మెలకువ ధ్రువపత్రం పంపండి, మా సంఘం పరిశీలిస్తుంది. ఒక సాక్షి సంతకం ఉంటే చాలు."

"నా భార్య ఉంది."

"భార్య సాక్ష్యం చెల్లదు సార్. భర్త మెలకువగా ఉన్నాడని ఏ భార్యా ఒప్పుకోలేదు కాబట్టి, ఆ గడే తీసేశాం."

"మా అమ్మ ఉంది."

"చాలా సంతోషం. అమ్మగారికి చూపు స్పష్టంగా ఉందా?"

"ఆపరేషనుకే వెళుతున్నాం!"

"అయితే ఆపరేషను చేయించుకుని వచ్చి సంతకం పెట్టమనండి సార్" అని సహాయ పర్యవేక్షకుడు శుభదినం చెప్పి పెట్టేశాడు.

"లేవండి, నేను నడుపుతాను. నాకూ లైసెన్సుంది" అంది టీచరు.

"కారులో నువ్వు ప్రయాణికురాలు ఒకటిగా నమోదయ్యావు. మార్చాలంటే రెండు రోజులు పడుతుంది."

"అయితే మీరే నడపండి. పదీ ఇరవై అయింది."

"సాయం లేకుండా ఎలా నడుపుతానే?"

"ఇరవై రెండేళ్లు ఎలా నడిపారు?"

"అప్పుడు పక్కన నువ్వు చెప్పేదానివి కదా!"

అనేశాక ఆయన గొంతు సవరించుకుని అద్దం సర్దుకున్నారు. టీచరు కూడా ఏమీ విననట్టే బెల్టు సర్దుకుంది.

బండి కదిలింది. రెండు నిమిషాల్లో తెల్లగీత దాటి పక్క బస్సు మీదికి ఒరిగింది. "ఏవండీ, బస్సు!" అని అరిచింది టీచరు.

"నాకు తెలుసులే" అంటూ ఇంకాస్త ఒరిగారు.

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. క్లాసులో చివరి బెంచీ వాళ్లకి ఒకే లెక్కని నాలుగు రకాలుగా చెప్పడం ఆవిడకి కొత్త కాదు. గొంతు పలచన చేసి, ఊపిరి మింగి, ఏ ఊరూ లేని యాసలో పలికింది: "మాన్య చోదకులకు విజ్ఞప్తి. తమరు గీత దాటుచున్నారు. దయచేసి కుడివైపు సవరించుకోగలరు."

చేతులు వాటంతటవే కుడికి తిరిగాయి.

"వచ్చిందమ్మా మళ్లీ ఆ పిల్ల! ఇందాకటి నుంచీ ఎక్కడికి పోయావే తల్లీ?" అంది అత్తగారు.

ముప్ఫై అయిదు కిలోమీటర్లూ ఆ పిల్లే నడిపించింది. ముందు లారీ ఉన్నది, దయచేసి దూరం పాటించగలరు. తమరి వేగం నూటపది, ఎనభై చాలును. తమరి కళ్లు అందంగానే ఉన్నవి, వాటిని రోడ్డు మీద ఉంచగలరు. పదీ యాభై నాలుగుకి ఆస్పత్రి గుమ్మం ముందు బండి ఆగింది. టీచరు అత్తగారిని పీట మీదుగా దింపి లోపలికి నడిపించింది. పదకొండుకి రెండు నిమిషాలుందనగా పేరు రాయించింది. అప్పటికి ఆవిడ గొంతు పూర్తిగా బొంగురుపోయింది. లోపల నర్సు అడిగినవాటికి సైగలతోనే జవాబులు చెప్పింది.

బయట ఇంజనీరుగారి ఫోనుకి ఒక సందేశం వచ్చింది. శ్రద్ధా విభాగం అభిప్రాయ సేకరణ. మలి భాగం ప్రయాణంలో బండి ఒక్కసారి మాత్రమే గీత దాటినందుకు అభినందనలు, మార్కు తొంభై అయిదు. ఆయన అక్కడే నిలబడి దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఆఫీసు గ్రూపులో పెట్టారు. కారుకి అయిదు నక్షత్రాలిచ్చారు.

చివర ఒక ప్రశ్న మిగిలింది: ఈ ప్రయాణంలో మీకు మరెవరైనా సహాయం చేశారా?

ఇంజనీరుగారు నిజాయితీపరులు. కళ్లు మరింత సన్నగా చేసి, దారి పొడుగునా జరిగినదంతా మొదటి నుంచీ గుర్తు చేసుకుని, 'ఎవరూ లేరు' అన్న గడి నొక్కారు.