పూత లేని డిష్‌లు

ఆ ఉదయం పరిశోధకురాలి ప్లాను చాలా తేలిక. తొమ్మిదికి కణాలను డిష్‌లలో వేయడం, పదిన్నరకు గైడుగారికి చూపించి, థీసిస్ రాసుకోవడానికి సంతకం పెట్టించుకోవడం. సంతకం పడకపోతే ఇంకో ఏడాది ఇదే ల్యాబు, ఇదే కుంటి స్టూలు.

చూపించవలసింది ఒక్కటే. కణం తన చుట్టూ ఉన్న ప్రొటీన్ అల్లికను ఇంటెగ్రిన్ అనే మరో ప్రొటీన్‌తో పట్టుకుంటుంది. ఇంటెగ్రిన్ ఉన్న కణాలు డిష్‌కు అతుక్కోవాలి, తీసేసినవి తేలిపోవాలి. అందుకే ముందురోజే డిష్‌లకు ఆ అల్లిక ప్రొటీన్ పూత పోసి ఫ్రిజ్‌లో పెట్టింది.

పదింటికి చూస్తే రెండు డిష్‌లలోనూ కణాలు గుండ్రంగా తేలుతున్నాయి. ఆమె అటెండరు దగ్గరికి పరుగెత్తింది.

"బాబాయ్, ఫ్రిజ్‌లో నా డిష్‌లు ముట్టుకున్నారా?"

"నీళ్లు పట్టి ఉన్నాయమ్మా! అవి పారేసి, కొత్త ప్యాకెట్టు విప్పి తళతళలాడేవి పెట్టా," అన్నాడు అటెండరు గర్వంగా.

ఆమె తల పట్టుకుని కూర్చుంది. పక్క బల్ల సీనియర్‌కి జాలేసింది. "ఏడవకు చెల్లెమ్మా, నేను చూసుకుంటాగా," అని వెళ్లి, మైక్రోస్కోపు పాడైందని గైడుగారికి చెప్పేశాడు. పూట గడిస్తే చాలనుకున్నాడు పాపం. గైడుగారు మాటల మనిషి కాదు. పది నిమిషాల్లో మెకానిక్ దిగాడు.

"ఏంటి ప్రాబ్లం?"

అన్నాచెల్లెళ్లు మొహమొహాలు చూసుకున్నారు. "ఏదో... మసకగా ఉంది," అన్నాడు సీనియర్.

మెకానిక్ నిక్షేపంలాంటి మైక్రోస్కోపును నట్టుకు నట్టు విప్పి బల్లమీద పరిచాడు. తిరిగి బిగించేసరికి మూడు దాటింది. ఒక స్క్రూ మిగిలింది. "ఇది ఎక్స్‌ట్రా," అని జేబులో వేసుకున్నాడు.

గైడుగారు వచ్చి కన్ను ఆనించారు. "పూత ఏం వేశావమ్మా?"

"వెయ్యలేదు సార్," అంది ఆమె.

"వెయ్యకుండానే అతుక్కున్నాయా!"

ఆమె ఒక్క ఉదుటున వచ్చి చూసింది. ఇంటెగ్రిన్ ఉన్న కణాలు ఈ ఆరు గంటల్లో తమకు కావలసిన ప్రొటీన్ తామే తయారుచేసి, డిష్ మీద పరుచుకుని, దాన్ని గట్టిగా పట్టుకుని ఒళ్లు చాచుకున్నాయి. ఇంటెగ్రిన్ లేనివి రెండో డిష్‌లో ఇంకా తేలుతూనే ఉన్నాయి. ఎవరూ చాప వేయకపోతే తామే అల్లుకుని కూర్చున్న ఆ కణాలను చూసి ఆమె కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లూ వీటిని తానే సాకుతున్నాననుకుంది!

"తమ నేల తామే వేసుకుంటాయేమో చూద్దామనుకున్నావన్నమాట. నాక్కూడా తట్టలేదు సుమా!" అంటూ గైడుగారు అక్కడికక్కడే సంతకం చేశారు.

థీసిస్‌లో ఆ అధ్యాయం ఇలా మొదలైంది: "ఈ ప్రయోగానికి ఉద్దేశపూర్వకంగానే పూత లేని డిష్‌లను ఎంచుకోవడమైనది."