వేలు హాజరు, మనిషి గైర్హాజరు

మానవ శరీరంలో చదువుకునే అవయవం బొటనవేలని మన ఉన్నత విద్యావ్యవస్థ ఎట్టకేలకు కనిపెట్టింది. (ఇన్నాళ్లూ తలకాయ అనుకుని నష్టపోయాం.)

ఈ సంగతి తెలియకనే సంగప్ప, నలభై దాటిన వయసులో, మధ్యలో వదిలేసిన డిగ్రీ పూర్తి చేద్దామని పటాన్‌చెరు దగ్గర ఒక ఆదివారం కాలేజీలో చేరాడు. బొంతపల్లి వైపు ప్లేటింగ్ కంపెనీలో అతని ఉద్యోగం. షిఫ్టు ఇన్‌ఛార్జి పని ఎప్పటినుంచో అతనే చేస్తున్నాడు. డిగ్రీ లేనిదే ఆ కుర్చీ, ఆ జీతం ఇచ్చేది లేదని కంపెనీ తేల్చింది. (ఆ పని చేయడానికి మాత్రం ఏ డిగ్రీ అక్కర్లేదు.)

తొలి ఆదివారమే గుమ్మంలో వేలిముద్ర మిషను అతన్ని ఆపింది. ఏళ్ల తరబడి యాసిడ్ తొట్ల దగ్గర పనిచేసిన వేళ్లు. గీతలన్నీ అరిగిపోయి బొటనవేలు సబ్బుబిళ్లలా నున్నగా తేలింది.

"అన్నా, మిషను నువ్వు రాలేదంటుంది" అంది క్లర్కు స్నేహలత.

"గీడనే నిలబడ్డ గద మేడం! నీ కండ్ల ముందలనే ఉన్న."

"నాకు కనబడుతున్నవన్నా. నాకు కనబడితే చెల్లదు."

"సంతకం పెడత. డిగ్రీ సదివేటోనికి సంతకం రాదా?"

"సంతకందేముంది, ఎవరన్న పెడతరు. వేలుండాలె."

సంగప్పను హాజరు నిర్ధారణాధికారి రామలింగేశ్వరరావు గారి దగ్గరకు పంపారు. (డాక్టరేటు ఉన్న మనిషి. అది కూడా హాజరు మీదే.) ఆయన వేలిని అటూ ఇటూ తిప్పి చూసి, సానుభూతిగా నిట్టూర్చాడు.

"బాధపడకండి. నిబంధనల్లో మార్గముంది. రక్తసంబంధీకుల్లో ఒకరి వేలును ప్రతినిధిగా పెట్టుకోవచ్చు. కాకపోతే వేలు ఒక్కటే రాకూడదు, మనిషితో సహా రావాలి."

ఇంద్రేశంలో సంగప్ప ఇంట్లో మిషన్లకు నచ్చిన వేలు ఒక్కటే ఉంది, తల్లి నర్సింహమ్మది. బడి గడప తొక్కని మనిషి. పింఛను మిషను ఆమెను ఎన్నడూ కాదనలేదు.

"నేను కాలేజికా? నీకేమన్న పిచ్చి లేసిందారా?"

"ఏలు వెట్టి కూసో అమ్మా, సాలు. ఈ డిగ్రీ రాకపోతే నిన్న మొన్న వచ్చినోడు నా కుర్చీల కూసుంటడు."

"నువ్వేనాడన్న కూసున్నవారా దాంట్ల?" అంటూనే ఆమె మంచి చీర కట్టింది.

నర్సింహమ్మ వేలు పెట్టగానే మిషను ధన్యవాదాలు చెప్పింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆమె ముందు బెంచీలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీసింది. (అధ్యాపకులు ఆమె శ్రద్ధను మెచ్చుకున్నారు. కొందరు చిక్కుడుకాయలను కూడా.) వెనకాల సంగప్ప, లెక్క ప్రకారం లేనివాడు, పాఠాలన్నీ రాసుకున్నాడు.

పరీక్షల నాటికి హాజరున్న మనిషికే హాల్ టికెట్ వచ్చింది. దాని మీద పేరు నర్సింహమ్మ. అభ్యర్థికి చదువు రాదు కాబట్టి, కాలేజీ పెద్దమనసు చేసుకుని, జవాబులు రాసిపెట్టే సహాయకుణ్ణి అనుమతించింది. ఆ సహాయకుడు సంగప్ప. అతను చెమటలు కక్కుతూ రాస్తుంటే ఆమె పక్కన ఒక కునుకు తీసి లేచింది.

"జెర జల్దీ రాయి బిడ్డా, బస్సు పోతది."

నర్సింహమ్మ ఫస్టు క్లాసులో పాసైంది.

పట్టా తీసుకునే రోజు ఆమె అలవాటుగా బొటనవేలు చాపింది. స్నేహలత చెయ్యి అడ్డం పెట్టింది.

"అయ్యో, గిక్కడ వేలిముద్ర నడవదమ్మా. సంతకం చెయ్యాలె. వేలిముద్ర వేసేటోళ్లకు డిగ్రీ ఎట్లిస్తం?"

"సంతకం నేను పెడత మేడం" అన్నాడు సంగప్ప.

"నువ్వెవరన్నా?"

ఇప్పుడు ఆదివారం క్లాసు ఇంట్లోనే. సంగప్ప పలక మీద రాసిస్తే నర్సింహమ్మ దిద్దుతోంది. 'న' కుదిరింది. 'ర్సిం' దగ్గర బండి ఆగిపోయింది.

కంపెనీ కూడా పెద్దమనసుతోనే స్పందించింది. ఆ కుటుంబంలో డిగ్రీ ఉన్న మనిషి సంతకం నేర్చుకునేదాకా ఇన్‌ఛార్జి కుర్చీని ఖాళీగా ఉంచుతామని, అంతవరకు ఆ పని సంగప్పే, పాత జీతానికే, నిలబడి చూసుకోవాలని నోటీసు అంటించింది.