రాజారత్నం గారి కోసం ప్రార్థన

ఆ శుక్రవారం రూతు వేసుకున్న పథకం చాలా చిన్నది. మందిరంలో ఉపవాస ప్రార్థన ముగించుకుని, దారిలో పీతలు కొని, భర్త గుడివాడ నుంచి రైలు దిగేసరికి ఇగురు పెట్టాలి. పీతలు తినేవాడికి రెండు చేతులూ వాటికే సరిపోతాయి గనక, ఆ కాసేపైనా ఫోను పక్కన పెడతాడు, ఒక మాటైనా మాట్లాడతాడు.

రాజారత్నం చెడ్డవాడేం కాదు. గుడివాడ రైసు మిల్లులో మేనేజరు, రోజూ రైల్లోనే వెళ్లొస్తాడు. తాగడు, అరవడు, అసలు నోరే తెరవడు. కూతురు విజయవాడ హాస్టల్లో చేరినప్పటి నుంచి ఇంట్లో అతని సంభాషణంతా "ఊఁ" దగ్గర ఆగిపోయింది. పెళ్లయిన కొత్తలో మంగినపూడి బీచికి తీసుకెళ్లి, చీకటి పడేదాకా చెప్పిన కబుర్లే మళ్లీ మళ్లీ చెప్పిన మనిషి. రూతుకి ఆ మనిషి మీద బెంగ. ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నవాడి మీద బెంగ పెట్టుకున్నానంటే వినేవాళ్లు నవ్వరూ?

ప్రార్థనలో పాస్టరమ్మగారు ఎవరి అవసరతలు వాళ్లని చెప్పమన్నారు. ఒకావిడ మోకాలి నొప్పి చెప్పింది, ఒకావిడ కొడుకు ఉద్యోగం చెప్పింది. రూతు వంతు వచ్చింది.

"మా ఆయన కోసం ప్రార్థన చెయ్యండమ్మా."

"ఏమైందమ్మా రత్నం గారికి?"

నాతో మాట్లాడట్లేదని పదిమందిలో ఎలా చెబుతుంది? "దేవుడికి తెలుసమ్మా," అని కొంగు కళ్లకద్దుకుంది.

మందిరంలో అదొక మర్యాద. దేవుడికి తెలుసన్నాక మనుషులు అడగకూడదు. అందుకని ఎవరూ అడగలేదు, ఎవరికి తోచింది వాళ్లు ఊహించుకున్నారు.

పక్కింటి మేరీ నోట్లో నువ్వుగింజ నానదు. ఇల్లు చేరేలోపే సంఘం వాట్సాప్ గ్రూపులో "రత్నం గారి కోసం భారంతో ప్రార్థించండి" అని పెట్టేసింది. మధ్యాహ్నానికి అది గుండెజబ్బయింది. సాయంత్రానికి డాక్టర్లు చేతులెత్తేశారు. రూతు మాత్రం ఫోను చార్జింగుకి పెట్టి, పెరట్లో పీతలు శుభ్రం చేసుకుంటోంది.

ముందు సంఘపెద్ద యాకోబు గారు కొబ్బరిబొండాలతో వచ్చారు.

"ఆయనకేం లేదండీ, బాగానే ఉన్నారు," అంది రూతు కంగారుగా.

"ఆ ధైర్యమే కావాలమ్మా," అన్నారాయన కళ్లు తుడుచుకుంటూ.

ఆయన వెనకే మేరీ, మేరీ వెనక వీధిలో సగం మంది. చివరికి నాగాయలంక బస్సు దిగి ఆడపడుచు ప్రేమ, చేతిలో రొయ్యల సంచితో, వీధి మొదట్నుంచే ఏడుస్తూ వచ్చింది. "నాక్కూడా చెప్పకుండా దాచావా వదినా?" అని మెడ చుట్టేసుకుంటే రూతుకి ఊపిరాడలేదు, ఇక జవాబేం చెబుతుంది.

రాజారత్నం వచ్చేసరికి గుమ్మం నిండా చెప్పులు. యాకోబు గారు అతన్ని కావలించుకుని కాసేపు వదల్లేదు. వదలగానే రాజారత్నం పెళ్లాన్ని పెరట్లోకి లాక్కెళ్లాడు.

"మొన్న నా రక్తపరీక్ష రిపోర్టు తెచ్చింది నువ్వేగా. అందులో ఏముంది? దాచకు."

"షుగరు కొంచెం ఎక్కువుందండీ, అంతే."

"ఇవాళ రైల్లో మన సంఘం వాళ్లు నాకు కిటికీ పక్క సీటిచ్చి చెయ్యి పట్టుకున్నారు. షుగరుకి అలా చేస్తారా ఎవరైనా?"

బట్టలుతికే బండ మీద కూలబడి, ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇక మొదలుపెట్టాడు. "అమ్మాయి వెళ్లాక ఇల్లు బావురుమంటోంది రూతూ. నేను ఆ మాటెత్తితే నువ్వు ఏడుస్తావని నోరు మూసుకున్నా. నీకు చెప్పాలనుకున్నవన్నీ రైల్లో వరసగా అనుకుంటూనే వస్తాను. గుమ్మం ఎక్కేసరికి ఒక్కటీ నోటికి రాదు. ఇప్పుడు చూస్తే టైమే లేనట్టుంది."

రూతుకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే ఈ మాటలు ఆగిపోతాయి. చెప్పకపోతే మనిషి భయంతోనే పోయేట్టున్నాడు. ఇంకొక్క నిమిషం వింటే ఏం పోతుందనిపించింది. విన్నది కూడా. ఇన్ని నెలలుగా ఎదురుచూసిన గొంతు అది. కానీ టైమే లేదన్న ఆ ఒక్క మాట ఓర్చుకోలేకపోయింది.

"మీకే జబ్బూ లేదండీ. మీరు నాతో మాట్లాడట్లేదని ప్రార్థన పెట్టించాను."

రాజారత్నం నోరు మూసుకున్నాడు. అయిపోయింది, మళ్లీ "ఊఁ" లోకి వెళ్లిపోయాడనుకుంది రూతు.

"ఈ మాట నాతోనే అనొచ్చుగా?" అన్నాడు చివరికి.

"ఎప్పుడు అననండీ?"

అతను నిజంగానే ఆలోచించాడు. "అదీ నిజమే," అన్నాడు.

లోపల పాట అందుకున్నారు. ప్రేమ గొంతు అందరికంటే పైన వినిపిస్తోంది.

"వీళ్లకేం చెప్దామండీ?"

"మా చెల్లి ఎప్పటిదాకా ఉంటుందట?"

"ఆదివారం దాకా. రొయ్యలు కూడా తెచ్చింది."

"అయితే ఆదివారం దాకా నాకు బాగోలేదు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లు."

పెళ్లిరోజున తప్ప నలుగురిలో ఎన్నడూ పట్టుకోని చెయ్యి అది. రూతు గట్టిగానే పట్టుకుని, ఎంత నెమ్మదిగా నడవొచ్చో అంత నెమ్మదిగా నడిపించింది. చూసినవాళ్లంతా మళ్లీ ఏడ్చారు.

ఆదివారం ఆరాధనలో రత్నం గారు కోలుకుంటున్నారని పాస్టరుగారు చెప్పగానే సంఘమంతా సంతోషించింది. ప్రార్థన మాత్రం ఇప్పుడప్పుడే ఆపొద్దని రూతు మనవి చేసుకుంది.